చక్రములు లేని రైలుపెట్టెలు

పాతసామానుమీద స్త్రీలకు గల మక్కువను గూర్చి పురుషులు పరిహసించుట లోకమున నున్నదే. సొట్టపడిన యిత్తడిబిందెను గాని, జరీ నల్లబడిన పట్టుచీరను గాని చూచినప్పుడు మనకు దాని నేటి దైన్యముకంటె నాటి సొంపే ముందుగా కనబడును. కావున నేను పాతవస్తువులు కొని తెచ్చినచో మా యింట నెవరును వింతపడరు. కాని క్రిందటి కార్తికమాసమున చక్రములు లేని బొమ్మరైలుపెట్టెలను ఏడింటిని సంచిలో వేసికొని వచ్చినప్పుడు మాత్రము, ఎన్నడును నాతో పరిహాసమాడని మా అల్లుడుగారు సైతము, "అత్తయ్యగారూ, ఈ బండికి టిక్కెట్టు ఏ ఊరికి?" అని నవ్విరి.

నేను డెబ్బదియేండ్లు దాటినదానను. మావారు గతించిన పిదప ఇంగ్లండు దేశమున లీడ్సు నగరములో మా అమ్మాయి యింట కాలము గడుపుచున్నాను. ఈ దేశమున బొమ్మరైళ్లు పిల్లల యాటవస్తువులు మాత్రమే కావు. తల నెరసిన పెద్దమనుష్యులు సైతము ఒక గదినిండ పట్టాలు పఱచి, స్టేషనులు కట్టి, వేళల పట్టిక ప్రకారము బండ్లు నడుపుచుందురు. వారు చేర్చిన సామాను వారి యనంతరము చేతులు మాఱును. సెలవుదినములందు చర్చిహాళ్లలో దీనికొఱకే సంతలు జరుగును. తొమ్మిదేండ్ల మా మనుమనికి రైళ్లనిన ప్రాణము. వానిని వెంటబెట్టుకొని నే నట్టి సంతకు పోతిని.

అందఱును అందమైన డబ్బాలలో సరకులు పేర్చి యమ్ముచుండగా, ఒక మూల బల్లమీద ఒక ముసలమ్మ అట్టపెట్టెలో ఏడు డొల్లలు పెట్టుకొని కూర్చుండెను. వానికి చక్రములు లేవు, అడుగుబల్లలు లేవు. కొన్నింటికి కిటికీల అద్దములును లేవు. నేను పేర్లడుగగా నామె, "మావారు చేర్చినవి. దేని పేరేమో ఆయనకే తెలియును. ఇప్పు డాయన లేరు. అన్నియు కలిపి 12 పౌనులు" అని చెప్పెను. బేరమాడుటకు నాకు నోరు రాలేదు. మనుమని సంతోషము కొఱకే కొంటినని యింట చెప్పితిని గాని, నిజమున కది కాదు. ఆ యేడింటిలో ఒకదానిని చూడగనే నా చేయి యాగిపోయెను. ఆ కారణమును తరువాత మనవి చేసెదను.

ఇంటికి వచ్చి, వార్తాపత్రికను పఱచి, డొల్లలను వరుసగా నిలిపితిమి. "అమ్మమ్మా, వీని పేర్లు మనకెట్లు తెలియును?" అని మనుమ డడిగెను. ప్రశ్న చక్కనిదే. చేసినవారి పేరు సాధారణముగా అడుగుబల్ల క్రింద నుండును. అడుగుబల్ల పోయినచో పేరును పోయినట్లే. తన ఊరు పేరు చెప్పలేని తప్పిపోయిన బిడ్డను చూచి, కట్టిన బట్టను బట్టియు మాటాడు యాసను బట్టియు ఇది ఫలానివారి బిడ్డయని పోల్చుకొందుము గదా. ఇదియు నట్టి పనియే. దీనికి గొప్ప పరికరము లక్కఱలేదు. మా వంటింటి అయస్కాంతము, నా కుట్టుపెట్టెలోని టేపు, మనుమని భూతద్దము, ఈ మూడును చాలినవి.

మొదట అయస్కాంతమును తెచ్చితిమి. ఏడింటిలో ఒక్కదానికి మాత్రము అది టక్కున నంటుకొనెను. అది రేకుపెట్టె. భూతద్దముతో చూడగా దాని తలుపులు, పిడులు, గీతలు అన్నియు చెక్కినవి గాక అచ్చువేసినవని తెలిసెను. చదునైన రేకుమీద ముందుగా రంగులు ముద్రించి, పిమ్మట కిటికీలు కోసి, మడిచి పెట్టెగా చేయుదురు. మన యిండ్లలో బిస్కట్ల డబ్బా యెట్టిదో ఇదియు నట్టిదే. ఈ విద్యలో పేరు గన్నవాడు లివర్‌పూల్ నగరపు ఫ్రాంక్ హార్న్‌బీ. ఆయన 1901లో చిల్లులుగల లోహపుబద్దలతో యంత్రములు కూర్చు నాటవస్తువునకు హక్కుపత్రము పొందెను. అదియే తరువాత మెకానో అను పేర ప్రసిద్ధికెక్కెను. ఆయన కంపెనీ 1920లో పెద్దకొలత బొమ్మరైళ్లను, 1938లో చిన్నకొలతవైన 'డబ్లో' రైళ్లను సంతకు తెచ్చెను. ఆ చిన్నరైలు పుట్టుటకు రెండేండ్లు ముందే, 1936లో, హార్న్‌బీ గతించెను. మా రేకుపెట్టె ఆ డబ్లో జాతిదని పటములతో పోల్చి చూచి నిశ్చయించితిమి.

రెండవది చేతికి చల్లగా తగులుచు లోహమువలె నున్నను అయస్కాంతమున కంటలేదు. అది అల్యూమినియము. రెండు ప్రక్కలును కప్పును వేఱువేఱు ముక్కలు గాక, ఒకే రేకును వంచి చేసినవి. బ్రాడ్‌ఫర్డు నగరమున ఎక్స్‌లీ అను తయారీదారు ఈ తీరున పెట్టెలు చేసి రంగులు వేసెడివాడు. మాదియు నా తీరుననే యున్నది. ఇట్టివాని నెఱిగినవారు మంచి వెల యిచ్చి కొందురు.

తక్కిన యైదును ప్లాస్టిక్కువి. వానిలో రెండు చూచుటకు అక్కచెల్లెండ్రవలె నుండెను. ఒకటి కొంచెము పొడవు, ఒకటి కొంచెము పొట్టి. ఇక్కడ టేపు పని కలిగినది. ఈ దేశమున చిన్నరైళ్లు చేయువారు నిజమైన రైలులోని ఒక యడుగును బొమ్మలో 4 మిల్లీమీటర్లుగా లెక్కింతురు. తక్కిన ఐరోపా దేశములవారు 3.5 మిల్లీమీటర్లుగా లెక్కింతురు. పట్టాల వెడల్పు మాత్రము ఇద్దఱికిని 16.5 మిల్లీమీటర్లే. బ్రిటిషు యింజనులు నిజమునందే చిన్నవి గనుక, ఆ కాలపు మోటారు వానిలో పట్టుటకు బొమ్మను కొంత పెద్దది చేసి, పట్టాలను మాత్రము మార్పక విడిచిరి. నాలుగు మిల్లీమీటర్ల లెక్కను పట్టాలు 18.83 మిల్లీమీటర్లు ఉండవలెను. కావున ఇక్కడి బొమ్మరైళ్లన్నియు తమ దేహమునకు తగని యిఱుకు దారిలో నడుచుచున్నవి.

1951లో వాడుకకు వచ్చిన బ్రిటిషు రైల్వే 'మార్కు ఒకటి' పెట్టెలలో పెద్దవాని పొడవు 64 అడుగుల 6 అంగుళములు. నాలుగుచేత గుణించినచో 258 మిల్లీమీటర్లు, మూడున్నరచేత గుణించినచో ఇంచుమించు 226. మా పొడవుపెట్టె 258 తూగెను. పొట్టిది 226కు చేరువగా నున్నది. ఇంకేమి, తేలినదని నేను సంతోషించితిని. కాని మనుమడు, "అమ్మమ్మా, అసలు రైలులోనే పొట్టిపెట్టెలు ఉండవా?" అని యడిగెను. ఉన్నవి. పట్టణముల చుట్టుప్రక్కల తిరుగుబండ్ల కొఱకు ఇంచుమించు 57 అడుగుల పెట్టెలును కట్టిరి. వానిని నాలుగుచేత గుణించిన 228. రెండు మిల్లీమీటర్ల భేదముతో ఒకదాని నొకటిగా పొరబడవచ్చును. పొడవు చూచి సంబంధము నిశ్చయించుకొనరాదని మన పెద్దలందురు గదా! అప్పుడు వెడల్పు చూచితిమి. అసలు పెట్టె వెడల్పు 9 అడుగులు. నాలుగు లెక్కను 36, మూడున్నర లెక్కను 31.5. మా పొట్టిది 31.5 మిల్లీమీటర్లే. కనుక అది 3.5 లెక్కకు చెందినదే. ఇటలీ దేశపు లీమా కంపెనీ బ్రిటిషు రైళ్లను తొలుత ఆ లెక్కను చేసి, పిదప 4 మిల్లీమీటర్ల లెక్కకు మాఱెను. ఒకే బండికి వేర్వేఱు కొలతల పెట్టెలు తగిలించినచో కొన్నవారు చూచి సహింపరు గదా.

అయిదవదాని మూలలలో జిగురు గట్టి యుండెను. అది కొన్నవారు ఇంటిలో అతికించుకొను ముక్కల పెట్టె. ఈ జాతివానిని 1959 మొదలు కిట్‌మాస్టరు అను పేర చేసినవారు మఱెవరో కాదు, రోజ్‌బడ్ అను ఆడపిల్లల బొమ్మలు చేయు కంపెనీవారు. 1962లో ఆ యచ్చులు ఎయిర్‌ఫిక్సు కంపెనీకి అమ్ముడుపోయెను. బొమ్మ పెండ్లికూతుండ్రను చేయు నింట రైళ్లు పుట్టినవని విని మా అమ్మాయి చాల సంతోషించినది.

ఆఱవది పచ్చరంగుది. ఆ రంగు ఎవరో చేతితో పూసినది. ఒక తలుపుచెంత పెచ్చూడి, క్రింద ఎఱుపును మీగడరంగును, దానిమీద 3 అను అంకెయు కనబడెను. అనగా మూడవ తరగతి. బ్రిటనులో 1956 జూనునెలలో మూడవ తరగతి పేరు రెండవ తరగతిగా మార్చబడెను. మన దేశమున 1974లో మూడవ తరగతి పోయెను. కాబట్టి ఆ పెట్టె తెలుపు కాలము 1956కు ముందటిది. ఐనను అది అప్పుడే తయారైనదని చెప్పరాదు. బొమ్మ చూపు కాలము వేఱు, బొమ్మ పుట్టిన కాలము వేఱు. నిన్న తయారైన బొమ్మయు నూఱేండ్ల నాటి వేషము ధరింపవచ్చును. పైరంగును చూచి వయస్సు నిర్ణయింపరాదు. లోపలి యచ్చును, ప్లాస్టిక్కును చూడవలెను. దీనిని మనుమడు తన పుస్తకమున వ్రాసికొనెను.

ఇక ఏడవది.

దానిని సంతలో చూడగనే నా చేయి యాగినదంటిని. దాని కప్పు నడుమ క్రుంగి యుండెను. ప్రక్కలు లోపలికి వంగి, కిటికీలు ఏటవాలుగా సాగి, చూచుటకు ఎండకు వాడిన ఆకువలె నుండెను. అట్టి పెట్టెనే, అట్టి వంకరతోడనే, నే నొకప్పుడు చూచియుంటిని.

మా నాన్నగారు విజయవాడలో దక్షిణ రైల్వేలో పెట్టెలను పరీక్షించు నుద్యోగమున నుండెడివారు. బండి స్టేషనున నిలిచినప్పుడు సుత్తితో ఒక్కొక్క చక్రమును కొట్టి శబ్దము వినెడివారు. మంచి చక్రము గణగణ మ్రోగును. పగులున్నది బొంగురుగా పలుకును. వారి మిత్రులొకరు 1954లో ఇంగ్లండునుండి వచ్చుచు, కీ యిచ్చిన పరుగెత్తు చిన్నయింజనును మూడు పెట్టెలను తెచ్చి యిచ్చిరి. నాన్నగారు దానిని పిల్లల చేతికీయక ఇనుపట్రంకులో పెట్టి, తాళము వేసి, అటకమీద నుంచిరి. సంక్రాంతి బొమ్మలకొలువునకు మాత్రము దింపుదురు. పేరంటమునకు వచ్చిన యమ్మలక్కలందఱును మా కొలువులో సీమరైలును చూచి ముచ్చటపడెడివారు. తాము బొమ్మలకొలువునకు అంత చేయుదురు గాని, నాన్నగా రెన్నడును కొలువుముందు నవ్వగా నే నెఱుగను. ఆ రైలు నడచునప్పుడు మాత్రము నవ్వెడివారు.

మా యింట మా పిన్ని యుండెడిది. ఆమె చిన్నతనముననే భర్తను కోల్పోయి, ఒక్క కుమారునితో మా అమ్మచెంతకు వచ్చినది. వంటపని ఆమెయే చూచెడిది. ఆ తమ్ముడు నాకంటె ఒక యేడు చిన్నవాడు. 1961 వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము, రోళ్లు పగులు నెండలో, అందఱును నిద్రించుచుండగా నేను నాన్నగారి జేబునుండి తాళపుచెవి తీసితిని. తమ్ముడు నిచ్చెన పట్టుకొనెను. ఇద్దఱమును పెరటివసారాలో ఒక గంటసేపు రైలు నడిపించి, మఱల నెప్పటివలె సర్ది తాళము వేసితిమి.

1962 సంక్రాంతికి ట్రంకు తెఱచిరి. మూడు పెట్టెలలో రెండు వంకరవోయి యుండెను. నాన్నగారి ముఖమున రక్తము లేదు. "ఎండలో పెట్టినవా రెవరు?" అని యడిగిరి. ఎద్దు ఈనెనన్న దూడను కట్టివేయుమన్నట్లు, అది ఎండవలననే చెడినదో కాదో విచారింపక, పెట్టినవా రెవరని విచారించిరి. ఇనుపచక్రములోని పగులును శబ్దమును బట్టి కనుగొనునట్టివారికి, ఈ చిన్నడొల్ల సంగతి యెఱుకపడలేదు. నాకు వెన్ను చల్లబడెను. వేసవినాటి మా యాటవలననే అట్లైనదని నేనును నమ్మితిని. నమ్మి, "తమ్ముడు వసారాలో ఆడుచుండగా చూచితిని" అంటిని. నేనును ఆడితినని చెప్పలేదు. తాళపుచెవి నేను తీసితినని చెప్పలేదు.

నాన్నగారు వానిని కొట్టలేదు. "అన్నము పెట్టిన యింట ఇట్లా చేయుట?" అని మాత్రమనిరి. ఆ మాట పిల్లవానికంటె పిన్నికి తగిలెను. ఆమె వంటింటినుండి వచ్చి, విసనకఱ్ఱ కాడతో తన కొడుకును తానే కొట్టెను. వాడు నావైపు ఒక్కసారి చూచెను, ఏమియు ననలేదు. ఆ వేసవి ముగియకమునుపే పిన్ని, కుమారుని చదువునకని చెప్పి, రాజమహేంద్రవరమున తన మఱిదియింటికి తరలిపోయెను. నాన్నగారు పొమ్మనలేదు, అమ్మ ఉండుమనినను పిన్ని యుండలేదు.

ఆ పెట్టెవంటిదే ఇప్పుడు మా బల్లమీద నుండెను. కిటికీల తీరు, తలుపుల లెక్క, కప్పుమీది గాలిగొట్టముల వరుస అన్నియు సరిపోయినవి. నేను నాన్నగారి పద్ధతినే పట్టి, గోటితో ఒక్కొక్క ప్లాస్టిక్కు పెట్టెను మీటి వింటిని. తక్కిన నాలుగును గాజుగిన్నెవలె సన్నగా మ్రోగెను. ఇది అట్టముక్కవలె మందముగా పలికెను. ముక్కుచెంత పెట్టుకొనగా సిరకావంటి పులుపువాసన సన్నగా వచ్చెను.

దాని సంగతి తెలియగోరి మఱుసటినెల సంతకు మరల పోయి, ఏండ్లుగా ఈ పెట్టెలను బాగుచేయు నొక వృద్ధునికి చూపితిని. ఆయన చేతిలో తీసికొనకయే, "ఇవి ఇట్లే యగును" అనెను. పిమ్మట పుస్తకములు చూచి తెలిసికొంటిని. 1950 తరువాతి తొలియేండ్లలో కొన్ని బొమ్మరైళ్లను సెల్యులోజ్ ఎసిటేట్ అను ప్లాస్టిక్కుతో చేసిరి. దూది, కొయ్యలనుండి వచ్చు పదార్థమును సిరకాలోని యామ్లముతో కలిపి చేయునది యది. మెత్తదనము కొఱకు దానిలో వేఱొక ద్రవ్యమును చేర్తురు. ఏండ్లు గడచినకొలది ఆ ద్రవ్యము మెల్లమెల్లగా వెడలిపోవును. తేమవలన ప్లాస్టిక్కులోని యామ్లమును విడివడును. అప్పు డది కుంచించుకొని, ఒకచోట ఎక్కువగను ఒకచోట తక్కువగను లాగికొని, వంకరవోవును. పాత సినిమాఫిల్ములు పులిసిన వాసనతో చెడిపోవుటయు దీనివలననే. తరువాత తయారీదారులు పాలిస్టైరీను అను ప్లాస్టిక్కునకు మాఱిరి. గోటికి గాజువలె మ్రోగునది అదియే. ఎసిటేటు పెట్టెలను ఎవరును తాకకపోయినను వంగును. వేడి, తేమ, మూసిన పెట్టెలో నిలిచిన ఆవిరి ఈ చెఱుపును త్వరపెట్టును.

నా బల్లమీది పెట్టె విజయవాడ యెండను ఎన్నడును చూడలేదు. మంచుకురియు నీ దేశమున ఒకరి యింట భద్రముగా నుండియు, అదే వంకర తిరిగినది. ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును? మా రైలును చెఱచినది మే మాడుకొనిన ఒక గంట కాదు. ఒకవేళ ఎండకే కొంత పాలున్నదనినను, అది అటకమీద, ఇనుపట్రంకులో, ఎనిమిది వేసవులు కాచిన వేడి. ఆ ట్రంకునకు తాళము వేసినవారు నాన్నగారే. ప్రేమతో దాచినదే దానికి చేటైనది.

అఱువదియేండ్లకు పైగా నేను మోసిన బరువు దిగినదని ఒక్కక్షణము తోచెను. మఱుక్షణముననే తెలిసినది: దిగినది ఒక భాగమే. పెట్టె వంగుటలో మా యిద్దఱి నేరమును లేదు. కాని నే నాడిన యబద్ధమును ఏ ప్లాస్టిక్కు గుణమును మాన్పజాలదు. అది నా పనియే.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన దేశమున తెల్లవాఱిన వేళ చూచుకొని తమ్ముని టెలిఫోనులో పిలిచితిని. వాడు ఉపాధ్యాయుడై పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నాడు. పెండ్లిండ్లకు, శుభాశుభములకు మాటాడుకొనుచునే యున్నాము. ఆ సంగతి మాత్రము మా మధ్య నెన్నడును రాలేదు. "తమ్ముడూ, 1962 సంక్రాంతి నీకు జ్ఞాపకమున్నదా?" అంటిని. వాడు వెంటనే, "రైలు సంగతా, అక్కా?" అనెను.

ప్లాస్టిక్కు సంగతియంతయు చెప్పితిని. వాడు ఉపాధ్యాయుడు గనుక శ్రద్ధగా విని, దాని పేరు మఱల చెప్పుమని వ్రాసికొనెను. తరువాత నేను, "ఇంకొక మాట యున్నది. తాళపుచెవి తీసినది నేను. నీ వొక్కడవే యాడితివని చెప్పినదియు నేనే. ఇన్నియేండ్లకు చెప్పుచున్నాను, నన్ను క్షమింపుము" అంటిని.

కొంతసేపు మాట లేదు. పిమ్మట వాడు చెప్పెను: "అమ్మకు అప్పుడే తెలియును అక్కా. ఆ రాత్రి నేనే చెప్పితిని. 'ఆ పిల్ల భయపడి అన్నది. ఇది వాళ్ల యిల్లు. నీవు మాటాడకు' అన్నది. ఆ రాత్రి అమ్మ అన్నము తినలేదు. నాకు జ్ఞాపకమున్నది అదే. దెబ్బలు కావు, రైలు కాదు."

నేను టెలిఫోను పెట్టివేసి చాలసేపు కూర్చుంటిని. నాకు మాత్రము వేఱొకటి జ్ఞాపకము వచ్చెను. ఆ మఱునాడు కనుమ. పిన్ని నన్ను పీటమీద కూర్చుండబెట్టి, తలకు నూనె రాచి, చిక్కు తీసి, ఎప్పటివలెనే జడవేసి పూలు పెట్టెను. అన్నియు తెలిసియు పెట్టెను. ఆమె 1988లో గతించినది. ఆమెతో చెప్పుకొను నవకాశము నేను పోగొట్టుకొంటిని. ఆ మాట ఇప్పుడు మీతో చెప్పుకొనుచున్నాను.

సంతలోని ముసలమ్మకు ఏడు పెట్టెల పేర్లను, గుఱుతులను ఒక కాగితమున వ్రాసి తీసికొనిపోతిని. అల్యూమినియపుదానికి నే నిచ్చిన సొమ్ముకంటె నెక్కువ వెల వచ్చునని చెప్పి, దానిని తిరిగి ఆమె చేతబెట్టితిని. ఆమె కాగితమును రెండుసార్లు చదివి, "అయితే ఆయన దీనికొఱకే దుకాణములన్నియు తిరిగినాడన్నమాట" అని కాగితమును, పెట్టెను రెంటిని సంచిలో వేసికొనెను.

ఈ సంక్రాంతికి మా అమ్మాయి యింట బొమ్మలకొలువు పెట్టితిమి. మనుమడు అడుగుబల్లలు, చక్రములు సంపాదించి అయిదు పెట్టెలను నిలబెట్టెను. వంకరపెట్టెను వేడినీటిలో ముంచి సరిచేయుదునని వాడనగా నేను వలదంటిని. దానిని అన్నిటికంటె క్రిందిమెట్టున, గాలి తగులుచోట, తెఱచియే యుంచితిమి. చూడవచ్చిన పిల్లలందఱును, "దీనిని విఱుగగొట్టిన దెవరు?" అని యడుగుచుండిరి. "ఎవరును కాదు. అది యట్లే యైనది" అని మా మనుమడు ప్రతివారికి ఓపికతో చెప్పెను.

సోదరీమణులారా, మన యిండ్లలో పగిలిన గాజుగిన్నెకు, మాసిన చీరకు, మాయమైన వస్తువునకు మొదట పుట్టు ప్రశ్న 'ఎవరు చేసిరి?' అనునదియే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పు భారము ఇంటిలో ఎవరికి బలము తక్కువయో వారిమీదనే పడును: పనిపిల్లయో, దిక్కులేక వచ్చిన చుట్టమో, వారి బిడ్డయో. అడుగకమునుపు వస్తువును ఒక్కసారి చేత బట్టి చూడుడు. అది దేనితో చేసినదో, ఎట్లు చెడునో విచారింపుడు. చాలసారులు నేరమే యుండదు. ఇక భయపడిన బిడ్డ చెప్పు మాటను వెంటనే నమ్మకుడు. ఆ బిడ్డ మనదే యైనప్పుడు మఱింత జాగ్రత్తగా వినుడు.